పెద్ద గేరు

ఇరవై ఆరేళ్ళుగా నేను కారులో ఎడమవైపు సీట్లోనే కూర్చుంటున్నాను. గిద్దలూరులో డ్రైవింగ్ నేర్పడం నా పని. నా బండికి ఎడమవైపు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి బిగించి ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు కుడివైపు కూర్చుని స్టీరింగు పట్టుకుంటే, నేను పక్కన కూర్చుని రెండు కాళ్ళూ సిద్ధంగా పెట్టుకుంటాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, నేను అరుస్తాను కూడా. డాక్టర్ల మీద అరిచాను, టీచరమ్మల మీద అరిచాను, ఒకసారి మా సొంత వియ్యంకుడి మీద అరిచి ఏడాదిపాటు మాటల్లేకుండా ఉన్నాను.

లైసెన్సు చేతికి రాగానే అందరూ ఏరు దాటి తెప్ప తగలేస్తారు. రోడ్డు మీద ఎదురైతే హారన్ కొట్టి చెయ్యి ఊపుతారు. నేను పక్కన లేకుండా నడపడానికే కదా వాళ్ళు నేర్చుకున్నది, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఒకప్పుడు నాకది గర్వంగానే ఉండేది. ఈ నాలుగేళ్ళుగా మాత్రం ఆ హారన్ వింటే చిరాకు పుడుతోంది.

నాలుగేళ్ళ కిందట నా భార్య మా అమ్మాయి పురిటికని హైదరాబాదు వెళ్ళింది. మూడు నెలలన్నారు. అమ్మాయి మళ్ళీ ఉద్యోగంలో చేరాలి, బిడ్డను చూసుకునేవాళ్ళు లేరని ఆర్నెల్లన్నారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. రోజూ సాయంత్రం ఏడింటికి నేను ఫోను చేస్తాను. తిన్నావా అంటుంది, తిన్నానంటాను. పిల్లోడెట్లున్నాడంటాను, బాగున్నాడంటుంది. రమ్మని నేనెప్పుడూ అడగలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదని ఊరందరికీ చెప్పేవాణ్ణే. కానీ ఇల్లు ఆమెది, ఎప్పుడు రావాలో ఆమెకే తెలియాలి కదా అని నా పట్టు. నేను పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం, నేను బండి నేర్పే మైదానంలోకి ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి వచ్చింది. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే కారు. మా రోడ్ల మీద ఉన్న స్పీడుబ్రేకర్లకు దాని కడుపు ఎన్నిసార్లు గీసుకుపోయిందో ముందు బంపరు చూస్తేనే తెలుస్తోంది. అందులోంచి ఒంగి ఒంగి బయటికొచ్చిన మనిషికి నలభై ఏళ్ళుంటాయి. తెల్లచొక్కా, భుజాన తువాలు. రాచర్ల దగ్గర ఒక పల్లెటూరి వాడు. తాతల కాలం నుంచీ గొర్రెలు కాసిన ఇల్లు. ఈయన కాయడంతో ఆగకుండా గొర్రెల్ని లారీలకెత్తి పట్నాలకు పంపే వ్యాపారం చేసి పైకొచ్చాడు. చిన్నప్పటి నుంచీ అట్లాంటి కారు మీద మోజట. బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసినదాన్ని తెచ్చుకున్నాడు.

"మామా, బండి నేర్పేది నువ్వేనా?"

"నేనే. నీకు నేర్పేదేముంది అల్లుడా, నడుపుకుంటానే వచ్చినావు గదా."

"నడపనీకొస్తాది మామా. దిగనీకే రాదు."

"కారు దిగనీకి రాదా?"

"నల్లమల ఘాటు రోడ్డు దిగనీకి," అన్నాడు. నవ్వలేదు.

అతని భార్య పుట్టిల్లు అడవికి అవతల, గాజులపల్లె పక్కన. మూడు నెలల కిందట ఆమెను పుట్టింటి నుంచి ఈ కార్లోనే తీసుకొస్తున్నాడు. నల్లమల ఎక్కేటప్పుడు బాగానే ఉంది. ఇటు దిగువమెట్ట వైపు దిగుతుంటే ఏదో కాలుతున్న వాసన వచ్చింది. కాసేపటికి ముందు చక్రాల నుంచి పొగ. బ్రేకు తొక్కితే కాలు మెత్తగా లోపలికి పోతోంది. ఎట్లాగో ఒక రాళ్ళ కుప్పకు ఆనించి ఆపాడు. ఆమె కారు దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎగువకు నడుచుకుంటూ పోయి, నంద్యాల బస్సును చెయ్యెత్తి ఆపి ఎక్కేసింది. అప్పటి నుంచీ రాలేదు.

"ఎన్ని తూర్లు ఫోను చేసినా ఒకటే మాట మామా. ప్రాణం మీద ఆశ ఉండాది, నీ కారు మీద నమ్మకం లేదంటాది. వేరే కారులో రమ్మన్నా రాదు. తప్పు కారుది కాదంట, నడిపే నా చేతిదంట. నువ్వు నాకు దిగేది నేర్పాల. ఆ కారులోనే పోయి, ఆ కారులోనే ఆమెను దించుకొని రావాల."

అతని కష్టం నాకు వెంటనే అర్థమైంది. ఆటోమేటిక్ బండి. లివరు డీలో పెట్టేస్తే గేర్లన్నీ అదే మార్చుకుంటుంది. దిగుడులో యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే, పరుగు చూసి అది పై గేరుకు పోతుంది. ఇంజిను పట్టు వదిలేశాక ఇక బ్రేకే దిక్కు. పాత ప్యాడ్లు, మైళ్ళకొద్దీ మలుపులు. కాలకుండా ఏమవుతుంది?

"దాంట్లో గేర్లు చేత్తో వేసే దారి కూడా ఉంటాది," అన్నాను, పుట్టినప్పటి నుంచీ అలాంటి కార్లే నడిపినవాడిలా.

నిజానికి నేను ఆటోమేటిక్ కారులో అంతకుముందు రెండుసార్లే కూర్చున్నాను. రెండుసార్లూ నడిపినవాడు వేరే. ఆ రాత్రి మెస్సు నుంచి తెచ్చుకున్న కూర గిన్నె పక్కన పెట్టుకుని ఫోనులో వీడియోలు చూశాను. స్టీరింగు వెనకాల రెండు చిన్న రెక్కలుంటాయని, కుడిది లాగితే గేరు పెరుగుతుందని, ఎడమది లాగితే తగ్గుతుందని తెలిసింది. నా భార్య వదిలి వెళ్ళిన చాటను రెండు చేతులా పట్టుకుని, కుర్చీలో కూర్చుని, కుడి వేళ్ళతో ఒకసారి, ఎడమ వేళ్ళతో ఒకసారి లాగి చూసుకున్నాను. ఆ సమయంలో ఎవరైనా వచ్చి ఉంటే పిచ్చివాడనుకునేవారు. ఎవరూ రారని నాకు తెలుసు.

మర్నాడు రాచర్ల రోడ్డు మీద మొదలుపెట్టాం. లివరును ఎడమకు తోస్తే తెర మీద డీ పోయి ఎం వచ్చింది, దాని పక్కన 1. అతను వేళ్ళతో కుడి రెక్క లాగాడు. 2. మళ్ళీ లాగాడు. 3. కారు గొంతు మారుతూ ముందుకు దూకింది. ఎడమది లాగితే ఇంజినే ఒకసారి హుమ్మని, ముక్కు నేలకు దించి నెమ్మదించింది. బ్రేకు తాకనే లేదు.

"గొర్రె చెవులు మామా ఇవి," అన్నాడు అతను సంబరంగా. "చెవి పట్టి లాగితే మాట వింటాండాది సూడు."

అప్పటి నుంచీ అవి మాకు చెవులే అయ్యాయి. నాకూ సంతోషంగానే ఉంది, కానీ కాళ్ళే ఊరుకోవడం లేదు. గేరు మారినప్పుడల్లా నా ఎడమకాలు లేని క్లచ్చిని తొక్కుతోంది. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు లేని బ్రేకును తొక్కుతోంది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి పెడళ్ళు లేకుండా ఒకరి పక్కన కూర్చున్నాను. కాళ్ళ కింద చాప తప్ప ఏమీ లేదు. నోరొక్కటే మిగిలింది నాకు.

ఆ నోరే కొంప ముంచింది.

నాకు బండి నేర్పినాయన అడవిలో వెదురు లారీలు తోలిన మనిషి. ఆయన లెక్కలో ఫస్టు గేరు పేరు పెద్ద గేరు. ఇంట్లో ముందు పుట్టినవాడు పెద్దోడైనట్టు, గేర్లలో ముందున్నది పెద్దది. బరువు మోసేదీ అదే. ఆ తర్వాత ఒక్కొక్కటే చిన్నవి. ఎక్కడానికి వాడిన పెద్ద గేరే దిగడానికీ వెయ్యాలనేవాడు. నేనూ నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ ఆ మాటే చెప్పాను. ఎవరూ పొరపాటు పడలేదు. ఎందుకంటే "పెద్ద గేరు వెయ్" అంటూనే నేను వాళ్ళ చేతి మీద చెయ్యి వేసి గేరు రాడ్డును అటు తోసేవాణ్ణి. మాట కంటే ముందు చెయ్యి చెప్పేది. ఈ కారులో ఒక్కో గేరుకూ తొయ్యడానికి రాడ్డు లేదు, చెవులు అతని వేళ్ళ కింద ఉన్నాయి.

నాలుగో రోజు పొద్దున ఘాటుకు వెళ్ళాం. పైదాకా ఎక్కి, కారు తిప్పుకుని, గిద్దలూరు వైపు దిగుతున్నాం. మూడో గేరు. ముందు కుడికి తిరిగే మలుపు, దాని పక్కన లోయ. వేగం కాస్త ఎక్కువగా ఉంది, రెండో గేరుకు దించాలి.

"పెద్ద గేరు వెయ్!" అని అరిచాను. "పెద్ద గేరు, పెద్ద గేరు!"

అతను కుడి చెవిని రెండుసార్లు లాగాడు. తెర మీద 3 పోయి 5 వచ్చింది. ఇంజిను చప్పుడు సగానికి పడిపోయింది, తాడు తెంచుకున్న దూడలా కారు ఒక్కసారిగా పరుగందుకుంది. నా రెండు కాళ్ళూ చాపను తొక్కేస్తున్నాయి. అతను బ్రేకు గట్టిగా తొక్కాడు. వెనక చక్రాలు జారాయి, రాళ్ళు ఎగిరాయి, కారు అడ్డంగా తిరిగి రోడ్డు అంచున ఆగింది. నా వైపు తలుపు తెరిస్తే కాలు పెట్టడానికి జానెడు నేల ఉంది.

నాకు భయమేసింది. భయమని చెప్పుకోలేక కోపం తెచ్చుకున్నాను.

"గొర్రెలు కాసేటోనికి కారెందుకురా నీకు!" అన్నాను.

అతను స్టీరింగు వదల్లేదు. తెర మీది అంకె చూస్తూ, "పెద్ద గేరంటివి గదా మామా. మూడు కంటే ఐదే గదా పెద్దది," అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. అతను నా మాట విన్నాడు. నేను చెప్పినట్టే చేశాడు. ఆ కారులో అంకెలు చూసేవాడికెవరికైనా ఐదే పెద్దది. తప్పంతా నా మాటది. ఆ సంగతి అప్పుడే, అక్కడే ఒప్పుకోవలసింది.

"నేను చెప్పేది నీ బుర్రకెక్కలేదు," అన్నాను.

డీలో పెట్టుకుని, తాబేలులా, బ్రేకు చల్లార్చుకుంటూ దిగాడు. గిద్దలూరులో నన్ను దించి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను మైదానంలో మిగతావాళ్ళకు ఎనిమిదంకె వేయిస్తూ రోడ్డు వైపే చూసేవాణ్ణి. ఎవరికైనా చెప్పుకుంటే బాగుండు. సాయంత్రం ఫోనులో తిన్నానని చెప్పాను, పిల్లోడు బాగున్నాడని విన్నాను. నా భార్య ఇంట్లో ఉండి ఉంటే నా మొహం చూసే అడిగేది, ఎవరిని తిట్టొచ్చినావని. ఫోనుకు మొహం కనపడదు. పది రోజులు ఆ మాట గొంతులోనే పెట్టుకుని తిరిగాను. అన్నం కూడా సరిగా సయించలేదు.

పదకొండో రోజు రాచర్ల ఆటో ఎక్కి అతని ఊరు వెళ్ళాను. ఇంటి ముందు కారు మీద టార్పాలిన్ కప్పి ఉంది. దాని మీద ఒక మేకపిల్ల ఎక్కి నిలబడి ఉంది. అతను దొడ్లో గొర్రెలకు మందు తాపిస్తున్నాడు.

"కారు అమ్మేస్తా మామా," అన్నాడు నన్ను చూడగానే. "నువ్వన్నది నిజమే. నా చెయ్యి మంచిది గాదు. ఆమె గూడా అదే అనింది. ఇద్దరు జెప్పినాక ఇంకేముండాది?"

క్షమించమనాలని వెళ్ళాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. "రేపు పోదాం పా," అన్నాను. ఇకమీదట పెద్ద గేరని అనను, ఎడమ చెవి, కుడి చెవి అని మాత్రమే అంటానన్నాను. ఎందుకో చెప్పలేదు. అతనూ అడగలేదు. నా మీద జాలిపడి ఒప్పుకున్నాడేమో అనిపించింది.

ఆ తర్వాత మూడు వారాలు వెళ్ళాం. ఎడమ చెవి, ఎడమ చెవి అంటూ దిగాం. అతనిది మంచి చెయ్యి. మంద కదిలే తీరు చూసి ముందే పక్కకు జరిగే అలవాటేమో, మలుపు కనపడకముందే గేరు దించేవాడు. చివరి నాలుగు రోజులూ నేను నోరు మెదపలేదు. బ్రేకు లైటు వెలగకుండా పైనుంచి దిగువమెట్ట దాకా దిగాడు. చప్పుడు వింటే చాలు, రెండులో ఉన్నాడో మూడులో ఉన్నాడో తెలిసేది. ఇక నాతో పని లేదని నాకు తెలుసు. అయినా ఇంకో రోజు చూద్దామని రెండుసార్లు అన్నాను. అది అతని కోసం కాదు. పొద్దున్నే ఆరింటికి ఎవరో ఒకరు నా గుమ్మం ముందు హారన్ కొట్టడం నాకు బాగుంది.

ఆమెను తీసుకురావడానికి వెళ్ళేరోజు నన్నూ రమ్మన్నాడు.

"నువ్వు జెప్తే నమ్ముతాది మామా. పెద్దమనిషివి."

"నీ కార్లో ముగ్గురం యాడ కూర్చుంటాం?"

"తిరిగొచ్చేటప్పుడు నువ్వు బస్సులో వద్దువులే మామా," అన్నాడు మొహమాటపడుతూ.

గాజులపల్లె దాటాక, రోడ్డు మీదనే ఉంది వాళ్ళ ఇల్లు. ఎదురుగా బస్సులు ఆగే చోటు. కారు చప్పుడు విని ఆమె గడప దగ్గరికొచ్చింది. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, చీర కొంగు నడుముకు దోపుకుని ఉంది. భర్తను చూసి లోపలికి పోలేదు, బయటికీ రాలేదు. నాకు మంచినీళ్ళిచ్చింది. నేనెవరో, ఎందుకొచ్చానో అతను చెప్పాడు. మా మామ నెలరోజులు నేర్పినాడన్నాడు.

ఆమె అతనితో మాట్లాడకుండా నా వైపు తిరిగింది.

"ఈయనకు మామవంటే నాకు చిన్నాయనవైతావు," అంది. "చిన్నాయనా, నీ బిడ్డనైతే ఆ కారులో ఎక్కనిస్తావా?"

నేనేదో పెద్దరికంగా రెండు ముక్కలు చెప్పి వద్దామనుకున్నాను. ఊళ్ళో అందరూ మామా అంటారు, అందులో ఏముంది. కానీ ఆమె ఆ ఒక్క వరసతో నన్ను అవతలి పక్కకు లాగేసుకుంది. ఇప్పుడు నేను పిల్ల తరఫు మనిషిని.

"ఎక్కనిస్తానమ్మా," అన్నాను.

"నేర్చుకునేటప్పుడు తప్పు చేసినాడా ఎప్పుడన్నా? నిజం జెప్పు."

అతను తల దించుకున్నాడు. అవునని అతనే చెప్పబోయాడు.

"ఒక తూరి లోయ అంచుకు పోయినాం," అన్నాను. "తప్పు ఈయనది గాదు. నేను గేరు పేరు తప్పు జెప్పినా. ఈయన నేను జెప్పినట్టే చేసినాడు. నాదే తప్పని ఆ పొద్దే తెలిసింది నాకు. తెలిసీ ఈయన్నే తిట్టినా. గొర్రెలు కాసేటోనికి కారెందుకన్నా. చెయ్యి మంచిది గాదని నెలరోజులు కుమిలిపోయినాడు, నేను చూస్తా ఊరుకున్నా."

అతను నన్ను చూసిన చూపులో కోపం లేదు. కోప్పడి ఉంటే తట్టుకునేవాణ్ణి. నా వయసుకు, అంతమంది మీద అరిచిన నోటికి, ఆ గడప ముందు చాలా సిగ్గేసింది.

ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. లోపలికి పోయి సంచి తెచ్చుకుంది. చెప్పులు వేసుకుంది. కారు ఎడమ తలుపు దగ్గర ఆగి భర్తతో అంది, "మూడు నెలలు రా రా అని ఫోన్ల మీద ఫోన్లు జేసినావు. అందుకు గాదు నేనొచ్చేది. నా కోసం పొద్దున్నే లేచి నేర్చుకొన్యావు గదా, అందుకొస్తాండా."

నెల రోజులు నేను కూర్చున్న సీట్లో ఆమె కూర్చుంది. బెల్టు పెట్టుకోవడం తెలియక వెతుక్కుంటుంటే, వంగి పెట్టి తలుపు వేశాను. అతను కిటికీలోంచి "వస్తాం మామా" అన్నాడు. ఒకటి, రెండు, మూడు, చప్పుడు దూరమైపోయింది. నేను రోడ్డు దాటి బస్సులు ఆగే చోట నిలబడ్డాను. మధ్యాహ్నం ఎండ. నాతోపాటు అక్కడ ఎవరూ లేరు.

జేబులోంచి ఫోను తీసి నా భార్యకు చేశాను.

"ఏమైంది?" అంది కంగారుగా. ఏడింటికి తప్ప నేనెప్పుడూ చెయ్యను. "ఒళ్ళు బాగలేదా?"

"బాగానే ఉండా. నువ్వు ఇంటికొస్తావా?"

అవతల పిల్లవాడు ఏదో అడుగుతున్నాడు. ఉండు నాయనా అంది వాడితో.

"ఎవురన్నా అడగమన్నారా?"

"లేదు. నేనే అడుగుతాండా. నువ్వు లేక నాకు బాగలేదు."

ఆ మాట నేను పెళ్ళయినప్పటి నుంచీ ఎప్పుడూ అనలేదని నాకప్పుడే గుర్తొచ్చింది.

"మొదటేడంతా ప్రతి ఆదివారం బ్యాగు సర్దుకున్యా," అంది. "ఈ పొద్దు పిలుస్తాడు, ఈ పొద్దు పిలుస్తాడని. సాయంత్రం తిన్నానని చెప్పి పెట్టేస్తుంటివి. మళ్ళా బట్టలు తీసి బీరువాలో పెడుతుంటి. ఇప్పుడా బ్యాగులో పిల్లోని బట్టలుండాయి. నేను పక్కన లేకుంటే వాడు నిద్రపోడు."

నంద్యాల వైపు నుంచి బస్సు వస్తోంది. నేను చెయ్యి ఎత్తలేదు. అది ఆగకుండా వెళ్ళిపోయింది.

"రేపు మళ్ళా అడుగుతా," అన్నాను.

"అడుగు," అంది.